ప్రెస్ కింద చేయి పట్టేంత చోటు ఎందుకుంది?

మార్చి 4 జాతీయ భద్రతా దినోత్సవం. నేను ఇదివరకు పనిచేసిన పారిశ్రామికవాడ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ వారమంతా ఫోటోలే. షెడ్డు ముందు బ్యానరు, కొత్త హెల్మెట్లు పెట్టుకున్న కార్మికులు, చేతులు చాచి ప్రతిజ్ఞ. బ్యానరు మీద పెద్ద అక్షరాలతో 'మీ భద్రత మీ చేతుల్లోనే ఉంది' అని. దాని కింద ఒక యజమాని ఇలా రాశారు: "ఎంత చెప్పినా మనవాళ్ళు వినరండీ. పోయిన నెలలో ఒక కుర్రాడు ప్రెస్ మీద రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. అంతా అజాగ్రత్తే." చాలామంది అవునన్నారు. షెడ్డులోకి ఫోన్లు రానివ్వకూడదని ఒకాయన, పొద్దున్నే అయిదు నిమిషాలు ధ్యానం చేయిస్తే మంచిదని ఇంకొకాయన సలహా ఇచ్చారు. ఆ ప్రెస్ (రేకుని కోసి, వంచే యంత్రం) ఏ రకం, దాని క్లచ్ ఏమిటి, చేయి లోపలికి పోకుండా ఆపే గార్డు ఉందా లేదా అని అడిగినవాళ్ళు మాత్రం లేరు.

నేను టూల్ రూములో పని నేర్చుకున్నవాణ్ణి. ప్రెస్‌లో రేకుకి ఆకారం ఇచ్చే అచ్చులు, అంటే డైలు, గీశాను, వాటిని ప్రెస్‌లకి ఎక్కించేటప్పుడు పక్కనే ఉన్నాను, ఆ ప్రెస్‌ల మీద పనిచేసిన చాలామందితో కలిసి టీ తాగాను. అందుకే ఆ గ్రూపులో రెండు ముక్కల్లో చెప్పలేని మాట ఇక్కడ తీరిగ్గా చెప్పాలనుకుంటున్నాను. పవర్ ప్రెస్ మీద చేయి నలిగితే, ప్రమాదం ఫారంలో కారణం అనే గళ్ళో 'కార్మికుడి అజాగ్రత్త' అని రాయడం తప్పు. అజాగ్రత్త ఉండదని నేననడం లేదు. ఉంటుంది, రోజూ ఉంటుంది, అందరికీ ఉంటుంది. అందరికీ రోజూ ఉండేది, ఆ మెషీన్ దగ్గర ఆ రోజే వేళ్ళెందుకు తెగాయో చెప్పలేదు.

2020 మే 7 విశాఖ గ్యాస్ లీకు మనకి గుర్తుంది. 2025 జూన్ 30 పాశమైలారం పేలుడు గుర్తుంది. కమిటీలు వేశారు, పరిహారాలు ప్రకటించారు, టీవీల్లో చర్చలు నడిచాయి. వేళ్ళు తెగడం అలా రాదు. ఒక్కో షెడ్డులో ఒక్కొక్కరికి, జిల్లా పేజీలో కూడా చోటు దొరకనంత చిన్నగా జరుగుతుంది. ఫ్యాక్టరీల భద్రతని చూసే కేంద్ర సంస్థ డీజీఫాస్లీ లెక్కల ప్రకారం 2017-2020 మధ్య దేశంలో రిజిస్టరైన ఫ్యాక్టరీల్లో రోజుకు సగటున ముగ్గురు చనిపోయారు, 11 మంది గాయపడ్డారు. ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒక మరణానికి నాలుగు గాయాలు కూడా లేవు. బ్రిటన్‌లో 2022-23లో పని ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 135 మంది, యాజమాన్యాలు నివేదించిన గాయాలు 60 వేలకు పైన. మన దగ్గర గాయాలు తక్కువగా ఉన్నాయని ఎవరైనా నమ్మగలరా? శవాన్ని దాచడం కష్టం కాబట్టి మరణం రికార్డుకి ఎక్కుతుంది. తెగిన వేలు నర్సింగ్ హోంలో కట్టు కట్టించుకుని, పోలీసు కేసు కాకుండా, చేతిలో కొంత డబ్బుతో ఊరికి బస్సెక్కుతుంది.

ఆ మెషీన్ ఎలా పనిచేస్తుంది

కొంచెం ఓపిక పట్టి ఈ భాగం చదవండి. వాదనంతా ఇక్కడే ఉంది.

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కాటేదాన్ లాంటి చోట్ల చిన్న షెడ్లలోకి తొంగి చూస్తే కనిపించే పాత ప్రెస్‌ల్లో చాలావాటికి కీ క్లచ్ ఉంటుంది. పక్కన పెద్ద ఫ్లైవీల్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఆపరేటర్ పెడల్ తొక్కగానే ఒక కీ ఫ్లైవీల్‌ని క్రాంక్ షాఫ్టుకి కలుపుతుంది. ర్యామ్ అనే బరువైన దిమ్మ దిగి, రేకుని కోసో వంచో, పైకి వెళ్తుంది. కీ ఒకసారి పడిందంటే షాఫ్టు పూర్తి చుట్టు తిరగాల్సిందే. కాలు తీసేసినా, మోటారు ఆపేసినా, ఫ్లైవీల్‌లో ఉన్న ఊపు ర్యామ్‌ని కిందికి తెచ్చే తీరుతుంది. నిమిషానికి 60 స్ట్రోకులు కొట్టే ప్రెస్ అయితే చుట్టుకి ఒక సెకను. అందులో దిగడానికి పట్టేది అర సెకను.

ఇంకో సంగతి ఉంది. కీని వెనక్కి లాగి పట్టుకునే లాచ్ దగ్గర స్ప్రింగు బలహీనపడితే, లేదా కీ అంచులు అరిగితే, పెడల్ తొక్కకుండానే ర్యామ్ రెండోసారి దిగుతుంది. మా దగ్గర దీన్ని 'డబుల్ కొట్టడం' అనేవాళ్ళు. సరిగ్గా అప్పుడే ఆపరేటర్ చేయి తయారైన పీసు తీయడానికి డై మీద ఉంటుంది. అతను ఎంత జాగ్రత్తగా ఉన్నా చేయగలిగింది ఏమీ లేదు.

పెద్ద కంపెనీల ఆడిట్‌లో అడుగుతున్నారని కొందరు ఈ మధ్య కీ క్లచ్ ప్రెస్‌లకి కూడా లైట్ కర్టెన్లు, అంటే డై ముందు కాంతి రేఖల తెరలు, పెట్టిస్తున్నారు. ఎర్ర లైటు, పసుపు డబ్బా, చూడ్డానికి బాగుంటుంది. చేయి అడ్డొస్తే కర్టెన్ ఆగమని సిగ్నల్ ఇస్తుంది, నిజమే. ఆ సిగ్నల్ అందుకుని మధ్యలో ఆగే ఏర్పాటు కీ క్లచ్‌లో లేదు. కొత్త స్ట్రోకు మొదలవకుండా చూడగలదు తప్ప, దిగుతున్న ర్యామ్‌ని పట్టుకోలేదు. గాలి ఒత్తిడితో నడిచే ఫ్రిక్షన్ క్లచ్, మంచి బ్రేకు ఉన్న ప్రెస్ అయితే వేరే మాట. అది సగంలో ఆగగలదు, అక్కడ కర్టెన్ చేతుల్ని కాపాడుతుంది. ఈ తేడా తెలియకుండా కర్టెన్ కొన్న యజమాని డబ్బూ పోయింది, ఆపరేటర్‌కి లేని ధైర్యమూ వచ్చింది. రెండోదే నాకు ఎక్కువ భయం.

ఇప్పుడు జాగ్రత్త సంగతి. చేత్తో పీసు పెట్టి, పెడల్ తొక్కి, చేత్తో తీసే పని. నిమిషానికి 15 నుంచి 20 పీసులు వేసుకున్నా, ఎనిమిది గంటల షిఫ్టులో ఏడు వేల నుంచి తొమ్మిది వేల సార్లకు పైగా చేయి లోపలికి వెళ్ళి బయటికి రావాలి. కాలూ చేయీ లయ తప్పకూడదు. పది వేల సార్లలో తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది సార్లు సరిగ్గా చేసే మనిషి ఉన్నాడనుకుందాం. అంత నిలకడ నాకు లేదు, మీకూ ఉండదు. ఆ మహా జాగ్రత్తపరుడు కూడా ఇంచుమించు రోజుకొకసారి తప్పుతాడు. పొరపాటు పడిన ప్రతిసారీ వేలు తెగకపోవడానికి కారణం ర్యామ్ అప్పటికి దిగకపోవడం, అంతే. ఇక ఓవర్‌టైమ్ కలిపితే షిఫ్టు పన్నెండు గంటలవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో ఫ్యాక్టరీల చట్టం సవరించి రోజు పని పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచారు. ఆ పదో గంటలో పెరిగే ఉత్పత్తి మీద చర్చ జరిగింది. ఆ గంటలో లోపలికి వెళ్ళే చేతుల మీద జరగలేదు.

"నాదే తప్పన్నా"

శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ప్రెస్ షాపులో పనిచేసిన ఒక తమ్ముడు నాకు తెలుసు. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. కలిసినప్పుడు ఎలా జరిగిందని నేనడగలేదు. అతనే చెప్పాడు. "నాదే తప్పన్నా. ఆ రోజు ఇంటి దగ్గర్నుంచి ఫోనొచ్చింది, అమ్మకి బాగోలేదని. మనసు మనసులో లేదు." ఆస్పత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "చేయి ఎలా పెట్టావు?" యజమాని అడిగిందీ అదే. ఊళ్ళో మామయ్య అడిగిందీ అదే. ఇంతమంది అడిగాక ఎవరికైనా తప్పు తనదే అనిపిస్తుంది.

చాలాసేపు వేరే మాటలు మాట్లాడుకున్నాక అడిగాను, ఆ మెషీన్ అంతకుముందు ఎప్పుడైనా డబుల్ కొట్టిందా అని. "అప్పుడప్పుడూ కొట్టేదన్నా. సూపర్‌వైజర్‌కి చెప్పాను. ఆదివారం చూద్దాంలే అన్నారు. ఆర్డరు అర్జెంటు కదా." ఈ మాట అతను ఎవరికీ చెప్పలేదు. దాచిపెట్టడానికి కాదు, ఎవరూ అడగలేదు. ఫారంలో దానికి గడే లేదు.

అతను చెప్పిన ఇంకో వివరం: వేళ్ళు పోయిన మర్నాడు మధ్యాహ్నానికే ఆ ప్రెస్ మళ్ళీ నడిచింది. డై శుభ్రం చేశారు, ఇంకొకరిని కూర్చోబెట్టారు. కారణం అజాగ్రత్త అని తేలిపోయాక మెషీన్‌ని విప్పి చూడాల్సిన అవసరం ఎవరికి కనిపిస్తుంది? ఆ గళ్ళో రాసే మాట ఎవరి పరువుకో సంబంధించింది మాత్రమే అయితే నేను ఇంత పొడుగు వ్యాసం రాయను. తర్వాత కూర్చునే మనిషి చేతుల్ని నిర్ణయించేది ఆ మాటే.

హర్యానాలోని మానేసర్ ప్రాంతంలో గాయపడ్డ కార్మికులకి సాయం చేసే 'సేఫ్ ఇన్ ఇండియా' అనే సంస్థ ఉంది. వాహన కంపెనీలకి విడిభాగాలు చేసే షాపుల్లో జరిగే ప్రమాదాల మీద 2019 నుంచి 'క్రష్డ్' పేరుతో నివేదికలు ఇస్తోంది. తమ దగ్గరకి వచ్చిన నలుగుడు గాయాల్లో ఎక్కువ భాగం పవర్ ప్రెస్‌ల మీదే అని వాళ్ళు పదే పదే చెబుతున్నారు. చాలామందికి ఈఎస్ఐ కార్డు ప్రమాదం జరిగాకే చేతికొచ్చింది. మన దగ్గర కూడా ఇది తెలిసిన కథే. ఏడాదిగా పనిచేస్తున్న మనిషి కాగితాల్లో ప్రమాదం నాడే చేరినట్టు ఉంటాడు.

వేలికి ఎంత శాతం

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో ఒక పట్టిక ఉండేది. బొటనవేలు పోతే 30 శాతం. చూపుడు వేలు మొత్తం పోతే 14, మధ్య వేలు 12, ఉంగరపు వేలో చిటికెన వేలో అయితే 7. ఒక చేతికి రెండు వేళ్ళు పోతే 20, మూడు పోతే 30, నాలుగూ పోతే 50. ఎముక తెగకుండా చిటికెన వేలి కొస మాత్రం పోతే 2. మనిషి సంపాదించే శక్తిలో ఎంత తగ్గిందో ఈ అంకెలు చెబుతాయట. కొత్త సామాజిక భద్రత కోడ్‌లోకి కూడా ఇదే పద్ధతి వచ్చింది.

లెక్క ఇలా ఉంటుంది. 25 ఏళ్ళ కుర్రాడు, నెల జీతం 15,000. అందులో 60 శాతం 9,000. దాన్ని ఆ వయసుకి చట్టం ఇచ్చిన 216.91తో గుణిస్తే 19 లక్షల 52 వేలు. చూపుడు వేలికి అందులో 14 శాతం, అంటే 2 లక్షల 73 వేలు. ఈఎస్ఐ ఉన్నవాళ్ళకి ఇలా ఒకేసారి రాదు. జీతంలో 90 శాతం మీద అదే 14 శాతం లెక్కగట్టి, నెలకి సుమారు 1,900 రూపాయలు బతికినంతకాలం ఇస్తారు. ఈఎస్ఐ ఇస్తే పరిహార చట్టం కింద మళ్ళీ అడగడానికి లేదు. నిజానికి నెలనెలా వచ్చే డబ్బే మేలని నేననుకుంటాను. ఒకేసారి వచ్చిన డబ్బు అప్పులకి, చెల్లెలి పెళ్ళికి కరిగిపోవడం చూశాను.

ఆ పట్టికలో లేనివి చాలా ఉన్నాయి. కుడిచేతి వేళ్ళు పోయినవాడు అన్నం కలుపుకోలేడు. పెళ్ళి భోజనాల దగ్గర అందరి ముందూ చెంచా అడగాల్సి రావడం నచ్చక వెళ్ళడం మానేస్తాడు. రేషన్ షాపులో, బ్యాంకులో వేలిముద్ర పడదు. పట్టు లేని చేత్తో బండి బ్రేకు పట్టుకోవడం భయం. పెళ్ళి సంబంధం చూసేవాళ్ళు చేతులు చూసి లేచిపోతారు. ఇంకో ప్రెస్ షాపులో పని అడిగితే, ఆ చేయి చూసిన యజమాని అతనికి అనుభవం ఉందనుకోడు, అజాగ్రత్త ఉందనుకుంటాడు.

గార్డు తీసేసేది వాళ్ళే కదా

నా వాదనకి ఎదురయ్యే గట్టి మాట ఇది. దీన్ని తోసిపుచ్చను, ఎందుకంటే నిజం. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే నడిచే ప్రెస్ దగ్గర, ఒక బటన్‌ని చెక్కముక్కతో బిగించేసి, ఖాళీ అయిన చేత్తో పీసులు తీస్తున్న ఆపరేటర్‌ని నేను కళ్ళారా చూశాను. ఎందుకలా అంటే "టార్గెట్ అవ్వదు సార్" అన్నాడు.

టార్గెట్ ఎలా పెట్టారో తర్వాత తెలిసింది. షాపులో అందరికంటే చురుకైన మనిషితో ఒక గంట పని చేయించి, అతని పీసులు లెక్కపెట్టి, దాన్ని ఎనిమిదితో గుణించారు. ఆ గంటలో అతను కూడా బటన్‌కి చెక్కముక్క పెట్టాడు. లెక్కపెట్టినవాళ్ళు పక్కనే నిలబడి చూశారు. అంటే గార్డు లేకుండా మాత్రమే అందే టార్గెట్ పెట్టి, గార్డు తీయొద్దని గోడ మీద రాశారు. పీసు రేటు మీద బతికే మనిషి ఈ రెండిట్లో దేన్ని పాటిస్తాడు?

ఇంకో విషయం, చెక్కముక్క పనిచేసిందంటే ఆ సర్క్యూటే తప్పు. సరైన రెండు చేతుల కంట్రోలుకి రెండు బటన్లూ అర సెకను తేడాలోపు నొక్కాలి, ప్రతి స్ట్రోకుకీ రెండూ వదిలి మళ్ళీ నొక్కాలి. ఒకదాన్ని బిగించేస్తే అసలు కదలదు. మేం చూసిన ప్రెస్‌లో రెండు బటన్లని వైరుతో వరసగా కలిపేశారు, అంతే. మోసం చేయడానికి వీలుగా కట్టిన ఏర్పాటుని మోసం చేశాడని ఆపరేటర్‌ని అన్నారు.

చట్టం కూడా ఇక్కడ యజమాని వైపుకి ఒక తలుపు తెరిచి ఉంచింది. కార్మికుడు కావాలని గార్డు తీసేశాడనో, భద్రత కోసం ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరించాడనో, ఆ గాయం దానివల్లే అయిందనీ రుజువైతే పరిహారం ఇవ్వక్కర్లేదు, మరణమో పూర్తి శాశ్వత వైకల్యమో అయితే తప్ప. 'కావాలని' అనే షరతు ఉంది కాబట్టి కోర్టుకి వెళ్తే యజమాని అంత సులువుగా నెగ్గలేడు. కోర్టు దాకా వెళ్ళేవాళ్ళు ఎంతమంది? రాజీ మాట్లాడే గదిలో మాత్రం ఆ తలుపు చూపించి సగానికి సగం తగ్గిస్తారు.

అయినా నాకో సందేహం మిగిలే ఉంది. తప్పెప్పుడూ కార్మికుడిది కాదంటే, అతన్ని చిన్నపిల్లాడిలా చూసినట్టు కాదా? తన పనిలో నిపుణుడైన మనిషికి బాధ్యత ఉండదా? మా షాపులో పాత ఆపరేటర్ ఒకాయన ఉండేవారు. పట్టకారు ఇస్తే పక్కన పడేసి, చేత్తోనే తీసేవారు, కొత్త కుర్రాళ్ళు చూస్తుండగా. అది టార్గెట్ కోసం కాదు, దర్జా కోసం. ఆయన్ని చూసి నేర్చుకున్నవాళ్ళకి జరిగే నష్టంలో ఆయన పాలు లేదనలేను. కానీ అదే మనిషి ప్రెస్ శబ్దం విని డై మొద్దుబారిందని చెప్పగలిగేవారు. రేకు మందంలో తేడా వేలితో తాకి పట్టేసేవారు. నైపుణ్యం అంటే అది. నిజానికి ఆయన దర్జా చూపించుకోవడానికి కూడా ర్యామ్ కింద చేయి పట్టేంత చోటు ఉండాలి. ఆ చోటే లేకపోతే ఆయన నైపుణ్యానికి వచ్చే లోటేమీ లేదు.

చోటు లేకుండా చేయడం పెద్ద విద్య కాదు. డై చుట్టూ కమ్మీలతోనో రేకుతోనో పెట్టె కట్టి, రేకు పట్టీ దూరేంత సందు మాత్రం వదిలితే చాలు. విడి పీసులైతే జారుడు రేకు మీంచి, లేదా బయటికి లాగి పీసు పెట్టి లోపలికి తోసే ట్రేతో పంపవచ్చు. పని ఒప్పుకుంటే ర్యామ్ దూరాన్నే తగ్గించి, పంచ్‌కీ (ర్యామ్‌తో పాటు దిగే పై అచ్చు) డైకీ మధ్య సందు ఆరు మిల్లీమీటర్లు మించకుండా సెట్ చేస్తే వేలు దూరదు. ఇవన్నీ డై గీసేటప్పుడే ఆలోచించాల్సినవి. డై ఇంకా డ్రాయింగ్ బోర్డు మీద ఉన్నప్పుడు గార్డు గీయడానికి ఒక పూట పడుతుంది. అయిపోయాక పెట్టాలంటే అన్నిటికీ అడ్డమే. బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, దేశానికి వేలమంది టూల్ డిజైనర్లని ఇచ్చిన ఊరు మనది. అయినా కస్టమర్ ఇచ్చే డ్రాయింగులో బర్ (కోసిన అంచున మిగిలే గరుకు) ఎంత ఉండాలో ఉంటుంది, గార్డు గురించి ఒక్క ముక్క ఉండదు.

శిక్షణ వద్దని నేననను. డై సెట్ చేసేవాళ్ళు, మరమ్మతు చేసేవాళ్ళు గార్డు తీసే పని చేయాలి, వాళ్ళకి తప్పదు. ఫ్లైవీల్ పూర్తిగా ఆగిందో లేదో చూడటం, ర్యామ్ కింద సేఫ్టీ బ్లాక్ పెట్టడం, మెయిన్ స్విచ్‌కి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోవడం నేర్పాలి, గట్టిగా నేర్పాలి. అలాగే తెగిన వేలిని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరుని ఐసులో పెట్టాలి తప్ప వేలిని నేరుగా ఐసులో వేయకూడదని ప్రతి షెడ్డులో ఒక్కరికైనా తెలియాలి. ఏడు వేల సార్లు చేయి పెట్టే మనిషికి మాత్రం శిక్షణ ఇచ్చి లాభం లేదు. అతనికి కావాల్సింది చేయి పెట్టనక్కర్లేని ప్రెస్.

నూర్పిడి యంత్రం దగ్గర మనమే చేశాం

ఇదంతా విదేశాల ముచ్చట అనుకునేవాళ్ళకి మన దేశంలోనే ఉదాహరణ ఉంది. హరిత విప్లవం తర్వాత ఉత్తరాదిన గోధుమ నూర్చే యంత్రాలు ఊరూరా వచ్చాయి. పనలు లోపలికి తోసేటప్పుడు చేతులు పోయిన కూలీలు లెక్కలేనంతమంది. అక్కడా మొదట అన్నది ఇదే, రాత్రుళ్ళు నిద్రమత్తులో పనిచేస్తున్నారని, జాగ్రత్త లేదని. చివరికి 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం తెచ్చింది. పనలు పెట్టే తొట్టి కనీసం 90 సెంటీమీటర్ల పొడవుండాలని, అందులో 45 సెంటీమీటర్లు పైన మూత ఉండాలని ప్రమాణం పెట్టారు. చేయి చాచినా తిరిగే డ్రమ్ము అందకూడదన్నదే ఆ కొలత వెనక ఆలోచన. నిద్రమత్తు ఉన్న కూలీని మార్చే ప్రయత్నం చేయలేదు, తొట్టి పొడవు మార్చారు. పాత యంత్రాలు చాలాకాలం అలాగే నడిచాయి, చట్టం అన్నిచోట్లా అమలు కాలేదు, అది నిజం. అయినా ఆలోచన సరైన చోట మొదలైంది.

బ్రిటన్ ప్రెస్‌ల కోసమే 1965లో ప్రత్యేక నిబంధనలు పెట్టింది. డై మార్చిన ప్రతిసారీ, ప్రతి షిఫ్టు మొదటి నాలుగు గంటల్లోపు, శిక్షణ పొందిన మనిషి గార్డుని పరీక్షించి సంతకం పెట్టాలి. అంతకు పదేళ్ళ ముందే, 1955లో, జాన్ సమ్మర్స్ కంపెనీ మీద ఫ్రాస్ట్ అనే కార్మికుడు వేసిన కేసులో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఒక గట్టి తీర్పు ఇచ్చింది. అతని బొటనవేలు గ్రైండింగ్ చక్రానికి తగిలింది. పూర్తిగా కప్పేస్తే చక్రం పనికే రాదని కంపెనీ వాదించింది. పనికి రాకపోయినా సరే, ప్రమాదకర భాగాన్ని కప్పే బాధ్యత తప్పదంది కోర్టు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ కూడా ఆ తోవలోదే. యంత్రం కదులుతున్నంతసేపూ గార్డు దాని స్థానంలో ఉండాలంది. జాగ్రత్తగా ఉన్న కార్మికుడికి మాత్రమే అని ఎక్కడా అనలేదు.

చిన్న యజమాని, పెద్ద కొనుగోలుదారు

వాట్సాప్ గ్రూపులో ఆ మాట రాసిన యజమాని చెడ్డవాడని నేననుకోను. చిన్న షెడ్ల యజమానులు చాలామంది ఒకప్పుడు ఆపరేటర్లే. నాకు తెలిసిన ఒకాయనకి ఎడమచేతి ఉంగరపు వేలు లేదు. ఇప్పటికీ ఆర్డరు ఎక్కువైతే తనే ప్రెస్ మీద కూర్చుంటారు. "నాకు తగిలింది, నేను నేర్చుకున్నాను, వీళ్ళూ నేర్చుకుంటారు" అంటారు. ఆ మాట విన్నప్పుడు బాధేసింది. ఆయన తన వేలు పోవడాన్ని కూడా తన తప్పుగానే మోస్తున్నారు.

ఆయన చేసే పీసు ధర పైసల్లో ఉంటుంది. ఏటా ధర తగ్గించమని పైనుంచి ఒత్తిడి. గార్డు వల్ల పీసుకి ఒక సెకను పెరిగితే ఆర్డరు పక్క షెడ్డుకి పోతుందని ఆయన భయం. ఈ భయం అబద్ధం కాదు. అందుకే చిన్న యజమానిని మాత్రమే తిట్టి ఊరుకుంటే వ్యవహారం ముందుకు సాగదు. ఆయన దగ్గరకి ఆడిట్‌కి వచ్చే పెద్ద కంపెనీ మనుషులు పది లక్షల పీసుల్లో ఎన్ని చెడిపోతున్నాయో లెక్క అడుగుతారు, బిన్‌ల మీద లేబుళ్ళు చూస్తారు, టాయిలెట్ కూడా చూస్తారు. ఆ ఆడిట్ ఫారంలో ప్రెస్‌కి ఏ క్లచ్ ఉంది, డై మూసి ఉందా అనే రెండు ప్రశ్నలు చేర్చి, దానికయ్యే సెకను ఖర్చు ధరలో కలిపితే ఏడాదిలో షెడ్లు మారతాయి. నాణ్యత విషయంలో సరిగ్గా అలాగే మారాయి, మా కళ్ళముందే. ఇది చదువుతున్నవాళ్ళలో కొనుగోలు విభాగాల్లో, సప్లయర్ క్వాలిటీలో పనిచేసే ఇంజనీర్లు ఉంటారని నాకు తెలుసు. మీ చేతిలో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్‌కి లేని బలం ఉంది.

ఇన్‌స్పెక్టర్ బలం ఇంకా తగ్గింది కూడా. 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టంలో కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో 20 మంది ఉండాలి. కరెంటు లేని చోట 20 కాస్తా 40 అయింది. చిన్న పరిశ్రమలకి కాగితాల భారం తగ్గాలన్న వాదన నేను ఒప్పుకుంటాను, రిజిస్టర్ల కోసం ఆదివారాలు పోగొట్టుకున్న యజమానులు నాకు తెలుసు. కానీ ప్రెస్‌కి షెడ్డులో ఎంతమంది ఉన్నారో తెలియదు. ఆరుగురు పనిచేసే చోట కూడా అది అర సెకనులోనే దిగుతుంది. సంఖ్యని బట్టి మినహాయింపు ఇవ్వాలనుకుంటే సెలవుల రిజిస్టరుకి ఇవ్వండి, గార్డుకి ఇవ్వకండి.

షెడ్డు షెడ్డుకీ ఇన్‌స్పెక్టర్‌ని పంపలేమంటే, మెషీన్ అమ్మే చోట పట్టుకోవచ్చు. ఫ్యాక్టరీల చట్టం 26వ సెక్షన్ ఇదే చేయబోయింది. తిరిగే షాఫ్టుల మీది స్క్రూలు, పళ్ళ చక్రాలు కప్పకుండా యంత్రం అమ్మితే అమ్మినవాడికి శిక్ష అంది. మూడు నెలల జైలు, లేదా 500 రూపాయల జరిమానా, లేదా రెండూ. డై దగ్గర చేయి పట్టే చోటు గురించి ఆ సెక్షన్ మాట్లాడలేదు. చేతులు మారే పాత ప్రెస్‌ల సంగతి విడిగా చెప్పలేదు. చిన్న షెడ్లకి చేరేవి ఎక్కువగా అవే. పెద్ద కంపెనీ తన పాత కీ క్లచ్ ప్రెస్‌ని తీసేసి ఫ్రిక్షన్ క్లచ్‌ది తెచ్చుకుంటుంది. పాతది బ్రోకరు ద్వారా ఆరుగురు పనిచేసే షెడ్డుకి వెళ్తుంది, అరిగిన కీతో, గార్డు లేకుండా. ఆ అమ్మకం దగ్గర, బిల్లు రాసే దగ్గర, మూసిన డై గార్డూ మార్చిన కీ, స్ప్రింగూ లేకుండా ప్రెస్ చేతులు మారకూడదని ఒక నిబంధన రావాలి. ప్రమాదం జరిగాక నింపే ఫారంలో కూడా కారణం అనే గడికి ముందు నాలుగు ప్రశ్నలుండాలి: క్లచ్ ఏ రకం, ఇదివరకు డబుల్ కొట్టిందని ఎవరైనా చెప్పారా, గార్డు ఉంటే చేయి ఎలా వెళ్ళగలిగింది, ఆ ప్రెస్ మళ్ళీ ఎప్పుడు నడిచింది.